పార్కు గీసే పని మన ఆడపిల్లలది కాదా?

ఆడపిల్లలకు ఉపాధి అనగానే మన దగ్గర తయారుగా ఉండే జాబితా ఒకటుంది. కుట్టుమిషన్, మగ్గం వర్కు, బ్యూటీపార్లరు, అగరుబత్తీలు, పచ్చళ్లు, ఇంకాస్త ముందుకుపోతే కంప్యూటర్ మీద డేటా ఎంట్రీ. 1979లో ట్రైసెం వచ్చినప్పటి నుంచి, 1982లో డ్వాక్రా వచ్చినప్పటి నుంచి పథకాల పేర్లు మారాయి గానీ ఈ జాబితా పెద్దగా మారలేదు. ప్రభుత్వం దగ్గర ఉన్నదే స్వచ్ఛంద సంస్థల దగ్గరా ఉంది. స్వచ్ఛంద సంస్థల దగ్గర ఉన్నదే మహిళా సంఘాల కరపత్రాల్లోనూ కనపడుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఎన్ని బ్యాచీల అమ్మాయిలు కుట్టు నేర్చుకుని సర్టిఫికెట్లు పట్టుకుని ఇళ్లకు పోయారో లెక్కపెట్టడం కష్టం. వాళ్లలో ఎందరో మిషను మూలకు పెట్టి, మళ్లీ చాట ముందు వేసుకుని బీడీలే చుడుతున్నారు. గల్లీకి పది మిషన్లు ఉన్నచోట జాకెట్టు కుట్టుకూలి ఎట్లా పెరుగుతుంది?

ఈ జాబితాలో ఎన్నడూ కనపడని పని ఒకటుంది. థీమ్ పార్కుల రూపకల్పన. ఈ మాట ఏ సమావేశంలో అన్నా ముందు నవ్వు వినపడుతుంది. "బీడీలు చేసే ఇంట్ల పిల్లకు రంగులరాట్నాలు గీసే కొలువా?" అని. ఈ వ్యాసం ఆ నవ్వు గురించే. డాక్టరవుతుందంటే, కలెక్టరవుతుందంటే నవ్వనివాళ్లు దీనికెందుకు నవ్వుతారు? ఆటస్థలం, వినోదం అనేవి పేద ఆడవాళ్లకు సంబంధించినవి కావని, ఎవరో కట్టిపెడితే ఏడాదికోసారి చూసి రావలసినవి మాత్రమేనని అందరికీ లోలోపల నమ్మకం కుదిరిపోయింది గనుక. సిరిసిల్లలో అయితే పార్కు అన్న మాటకే వేరే అర్థం ఉంది. టెక్స్‌టైల్ పార్కు, అపెరల్ పార్కు. అంటే ఆడవాళ్లు పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి సాయంత్రం దాకా పనిచేసి వచ్చే చోటు!

అసలీ పని ఏమిటో ముందు చూద్దాం. ఒక కథ చుట్టూనో ఒక ఊహ చుట్టూనో అల్లి కట్టిన వినోద స్థలం థీమ్ పార్కు. అమెరికాలో 1955లో తెరిచిన డిస్నీలాండు దీనికి పెద్ద నమూనా అయింది. మన దేశంలో 1984లో ఢిల్లీ అప్పూఘర్, 1989లో ముంబై ఎస్సెల్ వరల్డ్ వచ్చాయి. హైదరాబాద్ శివార్లలో 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర వండర్లా వచ్చాయి. వీటిని గీసేవాళ్లు ముందు కథ రాసుకుంటారు, ఆ తర్వాత స్థలం పటం, ఆ తర్వాత అట్టతోనో మట్టితోనో నమూనా. అక్కడి నుంచి ప్రతి ఆట, ప్రతి గోడ, చెట్టు, దీపం, దారి చూపే బోర్డు, పనిచేసేవాళ్ల దుస్తులు, అన్నీ ఒకరు ఊహించి గీస్తేనే వస్తాయి. యంత్రాల లెక్కలు మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీర్లవి. కానీ పని గుండెకాయ వేరే ఉంది. లోపలికి వచ్చిన మనిషి ముందు ఏం చూడాలి, ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అలిసిపోతుంది, అలిసిపోతే ఎక్కడ కూర్చోవాలి అని ముందుగా నిర్ణయించడమే ఆ గుండెకాయ.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక పడవ ఆట ఉందనుకుందాం. పడవలో 20 మంది పడతారు. ఎక్కి, తిరిగి, దిగడానికి 4 నిమిషాలు పడుతుంది. గంటకు 15 సార్లు తిరిగితే 300 మంది. దసరా సెలవుల్లో లైనులో 600 మంది ఉంటే చివరి మనిషి రెండు గంటలు నిలబడాలి. ఈ సంగతి గీసేవాడికి ముందే తెలుసు, లెక్క వేసే గీస్తాడు. ఆ రెండు గంటల్లో నీడ ఉందా, మంచినీళ్లు ఉన్నాయా, మధ్యలో లైను వదిలిపోయి మళ్లీ తన చోటికి వచ్చే దారి ఉందా అనేవి కూడా ఆ కాగితం మీదే తేలిపోతాయి. చంకలో పిల్ల ఉన్న తల్లి, నెలసరిలో ఉన్న అమ్మాయి, ఏడో నెల గర్భిణి, మోకాళ్ల నొప్పులున్న అత్త ఆ లైనులో ఉంటారని గీసేవాడికి తట్టకపోతే వాళ్లకు పాయఖానా ఉండదు, ఉన్నా అర కిలోమీటరు దూరాన ఉంటుంది. తర్వాత ఎవరో ఫిర్యాదు రాస్తారు. అప్పటికి కాంక్రీటు పడిపోయి ఉంటుంది. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు చూసినవాళ్లకు తెలుసు, జనం నిలబడకుండా గదుల్లో కూర్చుని వేచి ఉండేట్టు కట్టడం సాధ్యమేనని. ఎవరో ఒకరు ముందుగా అట్లా ఆలోచించాలి, అంతే.

ఇంకో సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలోని గుర్రంగూడలో గో-కార్టింగ్ బండి నడుపుతుండగా చక్రానికి జుట్టు చుట్టుకుని ఒక బి.టెక్ విద్యార్థిని చనిపోయింది. ఇట్లాంటివి జరిగినప్పుడు మొదట వినపడే మాట "జుట్టు ముడి వేసుకోవలసింది" అని. తప్పు ఎప్పుడూ ఆమె జుట్టుదే, ఆమె చున్నీదే. ఆడవాళ్లకు పొడుగు జుట్టు ఉంటుందని, చున్నీ ఉంటుందని ఈ దేశంలో తెలియనివారెవరు? తిరిగే ఇరుసు మీద మూత, సీటు వెనక ఎత్తైన పలక, బండి ఎక్కేముందు తప్పనిసరిగా జుట్టు టోపీ పెట్టించే ఒక మనిషి – ఇవి చంద్రమండలానికి పోయి తేవలసిన వస్తువులు కావు. సిరిసిల్లలో సాంచాల మధ్య తిరిగే ఆడవాళ్లను అడగండి, పిండిగిర్నికి జొన్నలు మోసుకుపోయే ఏ ఆడమనిషినైనా అడగండి. బెల్టు పక్కకు పోయే ముందు కొంగు నడుముకు దోపి, జడ ముడివేయడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. తిరిగే యంత్రం పక్కన ఆడ శరీరం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు వీళ్లు. ఆ తెలివి గీత గీసే బల్ల దగ్గరికి మాత్రం పోదు.

నీళ్ల ఆటల పార్కుల సంగతి చెప్పనే అక్కర్లేదు. చీరతో, చున్నీతో నీళ్లలోకి దిగనివ్వరు, నైలాను దుస్తులు వేసుకోవాలంటారు. ప్రమాదం లేకుండా ఉండడానికి ఆ నియమం సరైనదే. కానీ ఆ దుస్తులు వేసుకుని తడిసిన ఒంటితో ఎవరెవరి చూపుల ముందు నుంచి నడవాలి, బట్టలు మార్చుకునే గది ఎంత దూరం, ఫోను కెమెరాల నుంచి ఆ దారికి చాటు ఉందా అన్నవి కూడా ఆ నియమంతో పాటే గీయవలసినవి కదా. అవి గీయకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. మగవాళ్లు, పిల్లలు నీళ్లలో ఉంటారు. అమ్మలు, అత్తలు గట్టు మీద సంచులకు, చెప్పులకు కాపలా కూర్చుంటారు. వాళ్లూ టికెట్టు కొన్నవాళ్లే.

మరి మన దగ్గర ఇటువంటి చోట్లను గీస్తున్నది ఎవరు? రామోజీ ఫిల్మ్ సిటీకి రూపకల్పన చేసింది నితీశ్ రాయ్ అనే సినిమా కళా దర్శకుడు. యాదాద్రి గుడి కొత్త రూపాన్ని గీసింది తెలుగు సినిమా కళా దర్శకుడు ఆనంద్ సాయి. ఇది మన ఇంటి ముందుకూ వచ్చింది. 2022 డిసెంబరులో జగిత్యాల సభలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కొండగట్టు అంజన్న గుడికి 100 కోట్లు ప్రకటించారు. 2023 ఫిబ్రవరిలో కొండకే వచ్చి ఇంకో 500 కోట్లు ఇస్తామన్నారు. మాస్టర్ ప్లాను పనికి ఆనంద్ సాయినే పంపారు. ఆ కోట్లలో ఎన్ని వచ్చాయన్న లెక్క ఇక్కడ తీయబోవడం లేదు, ఆ కళా దర్శకుల ప్రతిభతోనూ నాకు తగాదా లేదు. సినిమా సెట్టు, వినోద పార్కు, లక్షల మంది వచ్చే తీర్థం – ఈ మూడూ ఒకే విద్య అని, ఆ విద్య నేర్చినవాడికి వందల కోట్ల పనులు అప్పజెబుతారని మాత్రం దీనివల్ల తెలిసింది. కొండగట్టు పక్కన నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆ కాలేజీలో చదివే అమ్మాయిల్లో ఒక్కరికైనా ఎవరైనా చెప్పారా, ఎదురుగా ఉన్న కొండ మీద జనాన్ని ఎట్లా నడిపించాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో గీయడం కూడా ఒక వృత్తి అని?

ఈ విద్య మన ఆడవాళ్లకు పరాయిది కాదు. పరాయిది అని నమ్మించారు. బతుకమ్మను పేర్చడం చూడండి. అడుగు వెడల్పు ఎంత ఉంటే ఎంత ఎత్తుకు పోవచ్చు, నడుమ ఎంత ఆకు కూరితే గునుగు కట్టలు జారకుండా నిలబడతాయి, తలమీద పెట్టుకుని చెరువు దాకా నడిచినా చెదరకుండా ఉండాలంటే బరువు ఎట్లా పంచాలి – ఇది కాగితం లేని ఇంజనీరింగు. సంక్రాంతి ముగ్గులో చుక్కల లెక్క రేఖాగణితమే. సిరిసిల్లలో కండెలు చుట్టే ఇళ్లలో పుట్టిన పిల్లకు బట్టమీద బొమ్మ దారం దారం లెక్కతో వస్తుందని చిన్నప్పటి నుంచే తెలుసు. కోరుట్లలో వినాయక విగ్రహాల షెడ్లలో ప్లాస్టర్‌తో మనిషెత్తుకు రెండింతలు బొమ్మలు లేస్తాయి. పార్కుల్లో నిలబెట్టే రాక్షసులూ ఏనుగులూ ఇటువంటి అచ్చుల పనే. అయితే ఇక్కడొక జాగ్రత్త అవసరం. బతుకమ్మను పొగడటంలో మన నాయకులు ఎవరికీ తీసిపోరు. 2017 నుంచి బతుకమ్మ పేరుతో చీరలు పంచారు, సిరిసిల్ల సాంచాలకు ఆ ఆర్డర్లతో కొన్నేళ్లు పని దొరికింది, 2024లో ఆ పంపిణీ ఆగిపోయింది. ఆడవాళ్ల కళ అని పొగిడి, ఆ కళకు చదువూ, హోదా, జీతం ఇవ్వకపోవడం పాత అలవాటు. సంస్కృతి అని పొగిడింది చాలు, ఇక దాన్ని నైపుణ్యమని లెక్కలో రాయాలి.

వేరే దేశాల్లో మాత్రం తలుపులు బార్లా తెరిచి పిలిచారా? లేదు. 1938లో డిస్నీ స్టూడియో ఒక అమ్మాయి దరఖాస్తుకు జవాబు రాసింది. బొమ్మలు ఊహించి గీసే పని పూర్తిగా యువకులదని, ఆడవాళ్లను ఆ శిక్షణకు తీసుకోమని, మగవాళ్లు గీసిన బొమ్మల మీద సిరా దిద్దడం, రంగులు నింపడం మాత్రమే ఆడవాళ్లకు ఉన్న పని అని దాని సారాంశం. ఆ ఉత్తరం ఇవాళ అందరికీ తెలిసిన చరిత్ర. తర్వాత పదిహేడేళ్లకు అదే సంస్థ పార్కు కట్టేటప్పుడు హారియెట్ బర్న్స్ అనే స్త్రీ నమూనాలు చేసే కార్ఖానాలో రంపాలు, లేతు మిషన్ల మధ్య మగవాళ్లతో సమానంగా నిలబడి పనిచేసింది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టిన పిల్లల పడవ ఆటకు రంగూ రూపూ ఇచ్చింది మేరీ బ్లెయిర్. ఆ ఆటలో కదిలే బొమ్మలకు దేశదేశాల బట్టలు రూపొందించింది ఆలిస్ డేవిస్. ఆమెది కూడా బట్టల పనే, గమనించండి. అయితే ఎవరో గీసిచ్చిన కొలతకు జాకెట్టు కుట్టడం వేరు, ఏ బొమ్మకు ఏ బట్ట, ఎట్లా కదిలితే అది చిరగదు అని ఆలోచించి తానే నిర్ణయించడం వేరు. మన ఉపాధి శిక్షణలు ఆడపిల్లలను మొదటి దాని దగ్గరే ఆపేస్తున్నాయి. 1938 నాటి ఉత్తరాన్ని ఇవాళ ఇంగ్లీషులో రాసి పోస్టు చేయనక్కర్లేదు. కుట్టుమిషన్ పంపిణీ ఫోటోలో అది చక్కగా కనపడుతుంది.

దారి లేదా అంటే ఉంది. ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీకి ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు ఉండాలి, నాటా పరీక్ష రాయాలి. డిజైను డిగ్రీకి ఐఐటీలు తీసుకునే యూసీడ్ పరీక్షకు ఏ గ్రూపు వాళ్లయినా కూర్చోవచ్చు, అందులో బొమ్మ గీసే ప్రశ్న కూడా ఉంటుంది. సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీలో ఈ చదువు ఉంది. అహ్మదాబాదులో 1961 నుంచి ఉన్న జాతీయ డిజైన్ సంస్థ లాంటిది ఆంధ్రప్రదేశ్‌లోనూ 2015లో మొదలైంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో శిల్పం, చిత్రలేఖనం, యానిమేషన్ నేర్పుతారు. పదో తరగతి తర్వాత సిరిసిల్ల ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరి, ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోకి పోవచ్చు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్పు ఉంది, అమ్మకు గుర్తింపు కార్డు ఉండాలి.

దారికి అడ్డంగా ఏముందో కూడా చెప్పాలి. ఆడపిల్లకు లెక్కలు బరువని ఇంటర్‌లో ఎంపీసీ వద్దని చెప్పే అన్నలు, మేనమామలు, ఒక్కోసారి పంతుళ్లు. డ్రాయింగు మాస్టారు లేని సర్కారు హైస్కూళ్లు. బొమ్మలు గీసే పిల్లను "గా గీతలు అన్నం పెడ్తయా" అని పుస్తకం లాక్కునే ఇళ్లు. యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది, దాని కోచింగు హైదరాబాదులో లక్షల బేరం. అన్నిటికన్నా ముందు, ఇంటర్ ఫలితాలు వచ్చే నెలలోనే వచ్చే పెళ్లి సంబంధం. గల్ఫులో ఉన్న పిలగాడు సెలవు మీద వచ్చిన నలభై రోజుల్లో తాంబూలాలు, పెళ్లి, మళ్లీ విమానం. ఐదేళ్ల చదువు అనే మాట ఆ క్యాలెండరులో ఎక్కడ ఇముడుతుంది?

గల్ఫు అన్నాం గనుక అదీ చూద్దాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి దశాబ్దాలుగా మగవాళ్లు దుబాయి, అబుదాబి, సౌదీలకు కట్టుబడి పనులకు పోతున్నారు. అదే అబుదాబిలో 2010లో ఫెరారీ వరల్డ్, 2018లో వార్నర్ బ్రదర్స్ పార్కు, 2023లో సీవరల్డ్ తెరిచారు. అక్కడ డిస్నీ పార్కు కూడా కడతామని 2025 మేలో ప్రకటించారు. ఇసుకలో సిమెంటు మోసేవాడు మనవాడు, అతని డబ్బు వచ్చేదాకా బీడీలు చుట్టి ఇల్లు నడిపేది మన ఆడమనిషి. ఆ దేశాల పటాలు గీసే గదిలోకి మాత్రం మన బిడ్డ పోకూడదా? తండ్రి మోసిన ఇటుక ఎక్కడ పెట్టాలో కూతురు గీస్తే తప్పేముంది?

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి సులువైనది, ఒకటి గట్టిది. ఉద్యోగాలు ఎన్ని ఉంటాయి అన్నది సులువైనది. థీమ్ పార్కులు మన రాష్ట్రంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే, నిజం. కానీ ఈ విద్య పార్కు గోడ దగ్గర ఆగదు. మ్యూజియం, ఎగ్జిబిషన్, సినిమా సెట్టు, బస్టాండు, ఆసుపత్రి ఓపీ లైను, జాతర ఏర్పాట్లు, పిల్లల వార్డు, మున్సిపల్ పార్కు, అన్నిట్లోనూ జనం ఎట్లా నడుస్తారు, ఎట్లా ఆగుతారు అన్న ప్రశ్నే. వేములవాడ శివరాత్రి జాతరలో చంటిపిల్లతో లైనులో నిలబడినవాళ్లకు ఈ విద్య కొరత ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో అభ్యంతరం మన ఉద్యమాల లోపలి నుంచే వస్తుంది. ఈ పార్కులు డబ్బున్నవాళ్లవి, భూమిని, నీళ్లను మింగేవి, వాటిల్లో ఉద్యోగం అడగడం ఏం హక్కు అని. ఇది తోసిపుచ్చవలసిన మాట కాదు. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలి పెద్ద పార్కు టికెట్టులో మూడో వంతు కూడా కాదు. అటువంటి పార్కులు ఊరికొకటి రావాలని నేను అడగడం లేదు. కానీ భూమి ఎంత, నీళ్లు ఎన్ని, టికెట్టు ఎంత, ఎవరికి ప్రవేశం అనేవన్నీ మొదట ఒక పటం మీద, ఒక అంచనా కాగితం మీద తేలతాయి. ధర్నా చేసేవాళ్లు గేటు బయట ఉంటారు, పటం గీసేవాళ్లు లోపల ఉంటారు. రెండు చోట్లా మనవాళ్లు ఉండాలి. వకీలు వృత్తి జమీందార్ల కొమ్ము కాసింది గనుక మన ఆడపిల్లలు వకీళ్లు కావద్దు అని ఎవరైనా అన్నారా?

డబ్బున్నవాళ్ల పార్కుల సంగతి పక్కన పెట్టి మన మున్సిపాలిటీల వైపు రండి. 2020లో పట్టణ ప్రగతి మొదలైనప్పటి నుంచి పట్టణాల్లో ప్రకృతి వనాలు, ఓపెన్ జిమ్ములు వచ్చాయి. వాటిలో సాయంత్రం ఏడు తర్వాత ఎంతమంది ఆడవాళ్లు కనపడతారు? వెలుతురు లేని మూల, మగవాళ్లు గుంపుగా కూర్చునే గేటు, తాళం వేసిన పాయఖానా, చీర కట్టుకున్న మనిషి ఎక్కలేని కసరత్తు పరికరం, ఇవి ఎవరో గీసి, ఎవరో సంతకం పెట్టి, టెండరు పిలిస్తే వచ్చినవే. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం కౌన్సిలులో సగం సీట్లు స్త్రీలవి. ఆ సగం మంది ముందుకు పార్కు పటం వస్తోందా, వస్తే దాన్ని చదవగలిగే శిక్షణ వాళ్లకు ఇస్తున్నారా? కొత్త పార్కు ఏది కట్టినా టెండరుకు ముందు ఆ పటాన్ని వార్డులో గోడకు అతికించి, ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలని అడుగుదాం. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, సర్కారు జూనియర్ కాలేజీల్లో డ్రాయింగు నేర్పే మనిషిని వెయ్యమని విద్యాశాఖను అడగడం ఒక పని. మన శిక్షణ కేంద్రాల్లో కుట్టుమిషన్ పక్కన ఒక డ్రాయింగు బల్ల వెయ్యడానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. యూసీడ్ దరఖాస్తులు అక్టోబరులో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో. ఈ మూడు పట్టణాల్లో పనిచేసే సంఘాలు దసరా లోపే బళ్లకు పోయి, నోటుపుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు గీసి తిట్లు తినే అమ్మాయిలు ఎవరో కనుక్కుని, వాళ్ల అమ్మల బీడీ కార్డులతో సహా కాగితాలు సిద్ధం చేయడం మొదలుపెట్టవచ్చు.